చిలుకవ్వ వేళ్ళు: ఒక యంత్రం వాంగ్మూలం

యంత్రం తప్పు చేయదని, తప్పు ఎప్పుడూ మనిషిదేనని ఒక నమ్మకం ఉంది. నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టగల సాక్ష్యం నా దగ్గర ఉంది.

అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా, పైన వేలెడంత గాజు, లోపల ఎర్రటి దీపం: ఇంతే నా శరీరం. కర్మాగారంలో నన్ను బిగించినవాళ్ళు చేతికి తొడుగులు వేసుకున్నారు. ఆ తర్వాత అంత శుభ్రమైన చేయి నన్ను తాకలేదు. మొదట ఒక రేషన్ డీలర్ దగ్గర కిరోసిన్ వేళ్ళు భరించాను. అక్కడి నుంచి కోరుట్లలో తిరుమలేశ్ నడిపే నెట్ సెంటర్‌కు చేరాను. గాజు తుడవాలని ఇతనికి తెలియదు. దసరా నాడు దాని మీదే కుంకుమ బొట్టు పెట్టడం మాత్రం తెలుసు. వేలు పడకపోతే తలకు రుద్దుకొమ్మంటాడు. ఊరందరి కొబ్బరినూనె నా ముఖం మీద పేరుకుంది.

ఒక సోమవారం కంప్యూటర్ ఎవరినీ అడగకుండా కొత్త డ్రైవర్‌ను దించుకుంది. డ్రైవరంటే నేను చూసినదాన్ని కంప్యూటర్‌కు చేరవేసే ప్రోగ్రాం. కొత్తదానికి నాలాంటి పాత యంత్రంతో పరిచయం లేదు. నా దీపం వెలుగుతూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను, చూసినదేదీ కంప్యూటర్‌కు చేరడం లేదు. తెర మీద ‘మళ్ళీ ప్రయత్నించండి’ అని మాత్రం వస్తోంది.

మంగళవారం చిలుకవ్వ వచ్చింది. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి. బతికున్నానని ఏటా వేలిముద్ర ఇస్తేనే ఆమెకు పింఛను. గడువు గురువారం సాయంత్రం ఐదు. ఎదురుగా నిలబడి మాట్లాడటం రుజువుగా చెల్లదు.

“నీ ఏళ్లకు తంబాకు మరక పట్టిందవ్వా, గీతలే కనవడ్తలెవ్వు,” అన్నాడు తిరుమలేశ్.

“పోయినేడు పడ్డది గద బిడ్డా?”

“పోయినేడు పోయినేడే. ఇంటికి వోయి ఇటుక పెళ్లతోని మంచిగ తోముకొని రా.”

“ఏళ్లనుకున్నవా, బోళ్లనుకున్నవా?”

“పింఛను గావాల్నా, వద్దా?”

ఆ వారం నా మీద వేలు పెట్టినవాళ్ళందరూ బీడీలు చేసేవాళ్ళే. ఎవరిదీ పడలేదు. దాంతో మరక సిద్ధాంతం అతనికి రుజువైపోయింది. మరక లేని వేలు ఒక్కటి, కనీసం తనది, పెట్టి చూడాలన్న ఆలోచన రాలేదు. ఆ వేలు మూడు రోజులూ అతని ముక్కులోనూ చెవిలోనూ తీరుబడిగా తిరిగింది.

బుధవారం చిలుకవ్వ కందిన వేళ్ళతో వచ్చింది. పడలేదు. “ఇంక జర గట్టిగ తోము,” అన్నాడు. గురువారం ఆ వేళ్ళు నా గాజు మీద తడి వదిలాయి. అది నూనె కాదు.

పక్కన జిరాక్సులు తీసే మంజుల అది చూసి లేచింది. “అన్నా, గామె ఏళ్లు తర్వాత. ముందుగాల నీ ఏలు వెట్టు.”

“నాకేం మరకుంది?”

“గందుకే వెట్టు.”

అతని వేలూ పడలేదు. సోమవారం డ్రైవర్ మారినట్టు కంప్యూటర్‌లో తేదీతో సహా రాసి ఉంది. మంజుల కొత్తదాన్ని తీసేసి పాతదాన్ని ఎక్కించింది. అప్పటికి నాలుగు గంటల నలభై నిమిషాలైంది.

తిరుమలేశ్ బొటనవేలు మొదటిసారికే పడింది. మంజులది పడింది. చిలుకవ్వ పది వేళ్ళూ వరుసగా పెట్టింది. తోలు లేచిన ఆ వేళ్ళ మీద నాకు ఒక్క గీత కూడా కనిపించలేదు. ఐదు గంటలకు గడువు ముగిసింది. చిలుకవ్వ బతికున్నట్టు నమోదు కాలేదు.