గడియారం కింది బల్ల

"ఒక్క గీత. ఒక్క గీత పక్కకి జరిపితే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు భర్త, తిన్న కంచం బల్ల మీదే వదిలేసి లేస్తూ.

ఆమె గిన్నెలు తోముతోంది. ఊరి పాత కూడలిలోకి ఇక కార్లు రానివ్వకుండా, తారు లేపి, అడుగునున్న పాత రాతిపరుపును బయటికి తీసి, మనుషులు తిరిగే చోటుగా మార్చాలని పురపాలక ఆఫీసు తలపెట్టింది. ఆ ఆఫీసులో నక్షాలు గీసేది ఆమే. కూడలి మూల మీదున్న చెప్పుల కొట్టు భర్తది. తన కారు కొట్టు ముందుదాకా పోయేలా ఓ సందు వదలమని నస పెడుతున్నాడు.

"జనం నడిస్తేనే కదరా చెప్పులరిగేది. నీకే మంచిది," అంది అత్తగారు.

"నీకు తెలీదు, నువ్వుండమ్మా."

ఆ సందు పడాలంటే గడియార స్తంభం నీడలో కూర్చునేందుకు ఆమె గీసిన బల్ల లేచిపోవాలి. ఆ ముక్క అతనితో అనలేదు. ఏమని అంటుంది? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ కూడలిని దాటడమే తప్ప అక్కడ తీరిగ్గా ఆగింది లేదు. చేతిలో కూరల సంచో, పిల్లల బ్యాగో, మామగారి మందులో ఉండేవి. స్తంభం అరుగు మీద మగవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. ఎందుకు కూర్చున్నారని వాళ్ళనెవరూ అడగరు. తనకీ అలా నీడ జరుగుతుంటే చూస్తూ కూర్చోవాలనుండేది. చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి ఓ నిమిషం దొంగిలించేది. ఒకసారి తెగించి అరుగు చివర కూర్చుంది. సాయంత్రానికల్లా మరిది ఆ కబురు ఇంటికి మోసుకొచ్చాడు. "ఎవరి కోసం కూర్చున్నావ్?" అన్నాడు భర్త. ఎవరి కోసమూ కాదంటే ఆ ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. ఎవరిదో ఒక పేరు చెప్పుంటే నమ్మేవారేమో. ఆ అరుగు ఇప్పటికీ కలలోకొస్తుంది. కలలో కూడా సంచీ చేతిలోనే ఉంటుంది.

మర్నాడు ఆఫీసులో ఇంజినీరు ఆమె చేత నక్షా పరిపించాడు. ఆమెకు జుట్టు నెరుస్తున్నా ఆయనకింకా "మా అమ్మాయే". మీటింగుల్లో "చెయ్యి మా అమ్మాయిది, బుర్ర నాది" అని నవ్వించి, టీలు కూడా ఆ చేత్తోనే పోయిస్తాడు. ప్రతి బల్ల పక్కనా అది దేనికో రాసి తీరాలని ఆయన పట్టు. 'అలిసొచ్చిన ముసలివాళ్ళకు', 'కొట్లకొచ్చినవాళ్ళకు' అని రాసుకుంటూ వచ్చిన ఆమె, గడియారం కింద బల్లకి ఏ కారణమూ తోచక 'ఊరికే' అని రాసేసింది.

ఆయన వేలు సరిగ్గా అక్కడే ఆగింది.

"ఊరికే! అంటే ఊరికే చెందింది, ఇంకెవరి సొత్తూ కాదని. భలే రాశావమ్మాయ్. ప్రారంభోత్సవంలో ఇదే చెబుతాను."

ఆమె దిద్దలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి లోపల్లోపల పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంది.

"కానీ పొద్దున మీ ఆయన ఫోన్ చేశాడు," అన్నాడాయన. "కొట్టుదాకా సందు కావాలట. ఈ బల్ల తీసేస్తే సరి. ఇంట్లో గొడవలెందుకు నీకు?" అంటూ రబ్బరు ఆమె ముందుకు తోశాడు.

ఇంట్లో ఏం కాచుకునుందో ఆమెకి తెలియక కాదు. విసిరేసిన కంచం, పెదవి విప్పని పూటలు, మరిది ముసిముసి నవ్వు. అన్నీ అలవాటైనవే. అలవాటు కానిది ఆ నీడ ఒక్కటే.

రబ్బరు తీసి ఆయన ముందుకే జరిపింది.

"కుదరదండీ. అక్కడ మనిషి కూర్చునుంటుంది."

"ఎవరు?"

"నేను."