చిన్నదానికి చదవడం రాదు

మా చిన్నదానికి ఆరేళ్ళు. నోట్లో నువ్వు గింజ నానదు. నేను ఎవరి చొక్కా పాడుచేశానో, వాళ్ళ నాన్న బిస్కెట్లు ఎక్కడ దాచుకుని తింటాడో వీధంతా చెప్పి వస్తుంది. అలాంటి పిల్ల పుస్తకం ముందు కూర్చోబెడితే మాత్రం మూగనోము పట్టేది.

"సెలవులయ్యేలోపు చదవడం రాకపోతే మళ్ళీ అదే తరగతిలో కూర్చోబెడతాం" అని వాళ్ళ టీచరు చెప్పింది. అవమానం దానికి కాదు, నాకు. పెద్దది ఐదేళ్ళకే గడగడా చదివింది. ఒక్క కడుపున పుట్టినవాళ్ళే కదా, దీనికేం వచ్చిందని నాకు ఒళ్ళు మండేది.

నేను ముందు గదిలో బట్టలు కుడతాను. మిషను తొక్కుతూనే చదువు చెప్పడం మొదలుపెట్టాను. మిగిలిన గుడ్డముక్కల మీద సుద్దతో అక్షరాలు రాశాను. తలుపుకి 'తలుపు' అని, అద్దానికి 'అద్దం' అని చీటీలు అంటించాను. ఉత్సాహం ఎక్కువై మా అత్తగారి కుర్చీకి 'నాన్నమ్మ' అని కూడా అంటించాను.

"నా కుర్చీకి నా పేరెందుకమ్మా? నేనేమైనా తప్పిపోతానా?" అందావిడ.

అంతా బూడిదలో పోసిన పన్నీరే అయింది. 'అమ్మ' అని రాసి చూపిస్తే పావుగంట చూసి, "ఇది నాకు తెలీదు" అనేది. బొమ్మ కింద 'పిల్లి పాలు తాగింది' అని ఉంటే, "పిల్లికి బాగా ఆకలేసింది" అని చదివేది. ఆకలి ఎక్కడుందే అందులో అని అడిగితే, "దాని మొహంలో" అనేది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. పుస్తకం అవతల పడేసి పనిలో పడేదాన్ని.

సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పగానే మాత్రం కథల పుస్తకం పట్టుకొచ్చి నా ఒళ్ళో ఎక్కేది.

"నువ్వు నేర్చుకుంటే నువ్వే చదువుకోవచ్చు కదే. నా ప్రాణం తియ్యకపోతే?" అనేదాన్ని రోజూ. అనేసి చదివేదాన్ని. అది నా చెయ్యి తీసి తన పొట్ట చుట్టూ వేసుకునేది. పెద్దది అప్పటికే గది మూల తన పుస్తకంలో తలదూర్చి ఉండేది. పదకొండేళ్ళ పిల్ల. దాని గురించి నాకు ఏ బెంగా లేదు.

సెలవులు అయిపోవచ్చాయి. ఆ రోజు బల్ల మీద ఒక కాపలా ఉద్యోగి ఇచ్చిన యూనిఫాం ప్యాంట్లు రెండున్నాయి. రెండూ ఒకే రంగు. ఒకదానికి పొడుగు తగ్గించాలి, రెండోదానికి జిప్పు మార్చాలి. తారుమారు కాకుండా దేనికేం చేయాలో చీటీ రాసి నడుముపట్టీకి పిన్నుతో గుచ్చడం నా అలవాటు.

సరిగ్గా అప్పుడే ఒకావిడ ఫోను చేసి, తన గౌను బిగుతైపోవడం నా తప్పేనని వాదించడం మొదలుపెట్టింది. గౌను అంతే ఉందండీ, మీరే అలా లేరు అన్న మాట ఎంత మెత్తగా చెప్పాలా అని ఆలోచిస్తూ, ఫోను భుజానికి నొక్కిపట్టి, చేతికందిన ప్యాంటు పరిచాను. కాళ్ళు నా వైపు ఉన్నాయి. నడుము బల్ల అవతలి అంచు నుంచి కిందికి వేలాడుతోంది. అక్కడ నేల మీద కూర్చుని చిన్నది గుండీలు రంగులవారీగా ఏరుతోంది. సుద్దతో గీత గీసి కత్తెర తెరిచాను.

"అమ్మా, అది కొయ్యకు," అంది చిన్నది. "జిప్పు మార్చాలట. పొడుగు తగ్గించొద్దట."

చెయ్యి ఆగిపోయింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి చీటీ చూశాను. 'జిప్పు మార్చాలి. పొడుగు తగ్గించవద్దు.' నా రాత ఒక్కోసారి నాకే అర్థం కాదు. ఈ పిల్ల ఒత్తులతో సహా చదివేసింది. ఫోనులో ఆవిడతో, "మీ గౌను తెచ్చివ్వండి, వదులు చేస్తాను" అని పెట్టేశాను.

చిన్నది తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

"ఎప్పట్నుంచే?"

"చాలా రోజులైంది," అంది గుండీలతో.

"ఓసి గడుగ్గాయీ," అంది మా అత్తగారు కుర్చీలోంచి. "నన్ను కూడా నమ్మించావు కదే."

కోపం రావాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. ఎత్తుకుని ముద్దుపెట్టుకుందామని వంగాను. ఈలోపే దాని పెదవి వణికింది, కళ్ళు నిండిపోయాయి.

"ఇంక నువ్వు నాకు చదవవు కదా," అంది.

"ఎవరు చెప్పారే?"

"అక్కకి చదవడం వచ్చాక అక్కకి మానేశావటగా. అక్కే చెప్పింది."

నిజమే. పెద్దదానికి చదవడం వచ్చినప్పుడు ఒక పని తగ్గిందని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. దానికి ఎలా ఉందో చూసుకోలేదు.

"పళ్ళు ఊడిపోయేదాకా చదువుతాను. ఒట్టు."

"నాకు అప్పుడే రెండు ఊడాయి," అంది ఏడుస్తూనే.

"నీవి కాదే, నా పళ్ళు."

అది నన్ను నోరు తెరవమని పళ్ళన్నీ చూసుకున్నాక గానీ ఏడుపు ఆపలేదు.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే పుస్తకంతో వచ్చి ఒళ్ళో ఎక్కింది. ఎదురుగా మూలన కూర్చున్న పెద్దదాన్ని కూడా రమ్మన్నాను.

"నేనేమైనా చిన్నపిల్లనా? నా పుస్తకం నాకుంది," అంది తల ఎత్తకుండా.

సరే, బలవంతం ఎందుకని చదవడం మొదలుపెట్టాను. చిన్నది పదాల మీద వేలు జరుపుతూ, నేను ఒక్క ముక్క వదిలేసినా పట్టుకుంటోంది. నాలుగో పేజీ తిప్పుతుండగా మూల నుంచి మాట వినిపించింది.

"అమ్మా, కొంచెం గట్టిగా చదవవా? ఇక్కడికి సరిగ్గా వినబడట్లేదు."

చిన్నది నా మొహంలోకి చూసి, ఒళ్ళో ఒక పక్కకి జరిగింది. నేను గొంతు సవరించుకుని, పేజీలు వెనక్కి తిప్పి, మొదటి నుంచి మొదలుపెట్టాను.