ఆరూ నలభైకి వచ్చే నీడ

పొద్దున్నే డాబా ఎక్కాలి. చినుకులు కొలిచే యంత్రానికున్న రెండు అద్దాలూ పొడిగుడ్డతో తుడవాలి. సాలెగూడు పడితే తీసేయాలి. కిందికి దిగి పుస్తకంలో టైము రాయాలి.

ఆ వాతావరణ కేంద్రంలో ఇరవై రెండేళ్ళు ఈ పనులు చేసింది అద్దాల బాబాయి. ఆయన్ను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. గాలివాన కొట్టిన ఒక పొద్దున డాబా మెట్ల మీంచి జారిపడి పోయాడు. పుస్తకంలో టైము లేదు కాబట్టి ఆయన డ్యూటీలో లేనట్టేనని ఆఫీసరు తేల్చేశారు.

“పని చేస్తూ పోయాడని ఒక్క ముక్క రాయించమ్మా. లేకపోతే ఆ మనిషికి అక్కడ కూడా కుదురుండదు,” అంది బాబాయి భార్య.

ఆ కేంద్రంలో చినుకుల లెక్కలు చూసే అమ్మాయి మాటిచ్చింది. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. ఇచ్చిన మాటంటే భయం. ఆ యంత్రంలో ఒక అద్దం నుంచి రెండోదానికి వెలుగు పోతుంది. మధ్యలో పడే చినుకుల నీడల్ని బొమ్మ తీస్తుంది. చినుకు కానంత పెద్ద నీడను పక్కన పడేస్తుంది. ఆమె ఆ పక్కన పడేసినవాటిలో వెతికింది. ఆ రోజు ఆరూ నలభైకి, చినుకుల మధ్య నాలుగు వేళ్ళు. ఉంగరపు వేలు సగమే. బాబాయికీ అంతే.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చూపిస్తే, ఆఫీసరు ఆ నెలంతా పడిన నీడలు తీయించారు. పోయిన మర్నాడూ ఆరూ నలభైకి అవే వేళ్ళు. ఆపైన రోజూ అంతే, పంతొమ్మిది రోజులు.

“ఏమ్మా, మీ బాబాయి పోయాక కూడా సెలవు పెట్టలేదా?” అన్నారాయన. యంత్రం చెడిందని రాసి, మొదటి నీడను కూడా కొట్టేశారు.

తర్వాతి రోజులవి చెరిపేసి పైఆఫీసుకు పంపమని పక్కసీటాయన చెవిలో ఊదాడు. ఆమెకు చెయ్యి రాలేదు. చేసింది చేసినట్టే ఉండాలని నేర్పింది బాబాయే.

మర్నాడు ఆరున్నరకే డాబా ఎక్కింది. వారం నుంచీ దుమ్ముగాలి. పిట్టగోడ మీద వేలితో రాస్తే అక్షరం పడేలా ఉంది. బాబాయి పోయాక ఎవరూ తుడవని అద్దాలు మాత్రం తళతళలాడుతున్నాయి. ఆరూ నలభైకి గాలి ఆగింది. అద్దం మీద పొడిగుడ్డ రాసుకుంటున్న చప్పుడు.

“బాబాయ్, మీరు రోజూ వస్తున్నంతకాలం, ఆ రోజు వచ్చారంటే ఎవరూ నమ్మరు. పిన్నికి మాటిచ్చాను. ఇక దిగిపోండి. నేను తుడుస్తాను.”

చప్పుడు ఆగింది. మెట్ల మీద అడుగులు, ఒక్కో మెట్టూ చూసుకుంటూ, కిందిదాకా దిగాయి.

నీడ మళ్ళీ రాలేదు. ఆమె ఏదీ చెరపకుండా అన్ని రోజులవీ పైఆఫీసుకు పంపింది. జవాబు రాలేదు, రాదని ఆమెకూ తెలుసు. ఏ కాగితమూ రాయని మాట కాబట్టి మీరైనా గుర్తుపెట్టుకోండి: అద్దాల బాబాయి ఆ రోజు పనిలోనే పోయాడు.