ఏడు కిలోల పెళ్లికూతురు

చెక్-ఇన్ కౌంటర్ దగ్గర తూకం మీద నా ఖాళీ బుట్ట యాభై నాలుగు కిలోలు తూగుతోంది.

"క్యాబిన్‌లోకి ఏడు కిలోలే సర్," అంటుంది కౌంటర్‌లో అమ్మాయి. మెడలో బిళ్ల మీద ప్రవల్లిక అని ఉంది.

"ఖాళీ బుట్టమ్మా. కావాలంటే చెయ్యి పెట్టి చూడు."

పెడుతుంది. చెయ్యి భుజం దాకా దిగిపోతుంది. బయటికి తీసి, వేళ్లకంటిన పసుపు టిష్యూతో తుడుచుకుంటుంది.

"ఖాళీ కాదు సర్. లోపల మనిషి ఉన్నారు."

ఇది వెదురు బుట్ట. మేదరివాళ్ల దగ్గర కూర్చుని మరీ అల్లించాను, పసుపు నేనే రాశాను. మధ్యాహ్నం పన్నెండూ పద్నాలుగుకి బెంగుళూరులో మా మేనకోడలు మంజీర పెళ్లి. దాన్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదకి మోసుకెళ్లాల్సింది మేనమామనైన నేను. మా అక్క పోయి మూడేళ్లయింది. తల్లి వైపు ఆ పిల్లకి మిగిలింది నేనొక్కణ్ణే. పోయేముందు అక్క నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది, "దాన్ని బుట్టలో నువ్వే తేవాలిరా" అని. చవగ్గా వస్తోందని ఈ విమానానికి టికెట్ తీశాను, నా బుద్ధి గడ్డి తిని.

మూడు విమానాలకి ఒకటే కౌంటర్. నా వెనక లైను గుమ్మం దాటి, కార్లు దాటి, హైవే మీద టిఫిన్ బండి దాకా ఉంది. చివర్లో ఉన్నవాళ్లు ఇడ్లీ తింటూ జరుగుతున్నారు.

మంజీరకి ఫోన్ చేస్తాను.

"నేను కూర్చునే ఉన్నా మామయ్యా," అంటుంది. ఆ గొంతు ఫోన్‌లోంచీ వస్తోంది, బుట్టలోంచీ వస్తోంది. "జడ వేసేశారు, బుగ్గచుక్క పెట్టేశారు. ఎవరో ఏడు కిలోలు అంటున్నారేంటి?"

"నీ బరువెంతే?"

"యాభై రెండు. ఏం, మోయలేవా?"

"నేను మోస్తానే తల్లీ. వీళ్లకే బరువైపోయావు."

ప్రవల్లిక కంప్యూటర్ వంకే చూస్తూ చెబుతుంది, "టికెట్ లేని మనిషి లగేజీ కిందే లెక్క సర్. బుట్ట రెండు, మనిషి అయిదు. అంతవరకూ తగ్గించండి."

"మనిషిని ఎలా తగ్గిస్తారమ్మా?"

"ఏళ్లు తీసెయ్యండి. అందరూ అదే చేస్తారు."

నిజమే. పక్కన ఒకాయన అట్టపెట్టె విప్పి, తన భార్య ముప్పైల్లోని ఏళ్లన్నీ తీసి నేల మీద పేరుస్తున్నాడు. ఆవిడ పెట్టెలోంచి ఒక్కొక్కటే అందిస్తోంది.

బుట్టలో చెయ్యి పెడతాను. ఇరవై నాలుగో ఏడు చీరలా మడతపెట్టి ఉంది, పైన ఆఫీసు కార్డు. తీసి కౌంటర్ మీద పెడతాను. ఇరవై మూడు, ఇరవై రెండు తేలిగ్గానే వస్తాయి. ఇరవై ఒకటి మాత్రం అడుక్కి అంటుకుపోయి ఉంది. రెండు చేతులా లాగితే గానీ రాదు. తడిసిన బొంతలా ఉంది. అదొక్కటే పంతొమ్మిది కిలోలు. అక్క పోయిన ఏడు.

"దీన్ని మాత్రం నిక్షేపంగా పట్టుకుపో తల్లీ," అంటాను ప్రవల్లికతో.

వెంటనే ఫోన్ మోగుతుంది.

"ఒరే వీర్రాజూ, బయల్దేరావా? ఇక్కడ నాకు కాలూ చెయ్యీ ఆడ్డం లేదు."

అక్క. మూడేళ్లుగా పాత వాయిస్ మెసేజీల్లో మాత్రమే వింటున్న గొంతు. నాకు ఏడుపొచ్చేస్తుంది.

"వస్తున్నానక్కా," అని, ప్రవల్లికకి దణ్ణం పెడతాను. "ఇక్కడితో ఆపేద్దామమ్మా. పిల్ల ఉంది, తల్లీ ఉంది. ఇంకేం వద్దు నాకు."

"ఇంకా ముప్పై రెండు ఉంది సర్."

"బతిమాలుకుంటున్నానమ్మా."

"నాకు అర్థమవుతోంది సర్. సిస్టమ్‌కి అవదు."

ఒళ్లు మండిపోతుంది. ఆ సిస్టమ్ ఎవడో బయటికొస్తే రెండు పీకేవాణ్ణి. గోడ గడియారం ఏడున్నర నుంచి తిన్నగా పన్నెండుకి దూకుతుంది. ఇంక చేసేదేముంది, తీస్తూ పోతాను. కాలేజీ, సైకిలు, పరికిణీలు, ఊడిన పాలపళ్లు, పలక. చివరికి తూకం మీద ఏడు వస్తుంది. బుట్టలో మూడు నెలల పిల్ల, బుగ్గచుక్కతో, బొటనవేలు చప్పరిస్తోంది.

"ఇప్పుడు ఓకే సర్," అంటుంది ప్రవల్లిక.

ఫోన్ ఇంకా నా చెవి దగ్గరే ఉంది.

"అక్కా, పెళ్లి టైముకి వచ్చేస్తా."

"ఎవరి పెళ్లిరా?" అక్క గొంతు లేతగా ఉంది. "పాలవేళ దాటిపోయింది. చంటిదాన్ని తీసుకుని ఎక్కడికి పోయావు? నా ప్రాణం పోతోందిక్కడ."

పైన మైకులో పురోహితుడి గొంతు వినిపిస్తుంది. "ముహూర్తం సమీపిస్తోంది. మేనమామ గారూ, పెళ్లికూతుర్ని తీసుకురండి."

"ఆ ఏళ్లు ఇటు ఇచ్చెయ్యమ్మా," అంటాను.

"కౌంటర్ మూసేసి నిమిషమైంది సర్. తీసేసినవి వెనక్కి ఇవ్వం."

బెల్టు కదులుతుంది. బుట్ట దాని మీద పోతోంది. పట్టుకోబోయేలోగా రబ్బరు పట్టీల తెర వెనక నుంచి గాజుల చెయ్యి ఒకటి వస్తుంది. మోచేతి మీద నూనె చింది కాలిన మచ్చ. అక్కే. బుట్టని లోపలికి లాక్కుంటుంది. నేనూ పట్టీల్లోకి చెయ్యి దూరుస్తాను. చేతికి గోడ తగులుతుంది. బెల్టు ఆగిపోతుంది.

వెనక్కి తిరుగుతాను. కౌంటర్ మీద పెట్టిన ఏళ్లు అక్కడ లేవు. లైనులో నిలబడి ఉన్నాయి. ఒకటో ఏటి మంజీర నా ప్యాంటు పట్టుకుని తూలుతోంది. దాని వెనక పలకతో ఒకతి, సైకిలుతో ఒకతి, చిట్టచివర పూలజడతో పెళ్లికూతురు.

"మామయ్యా, నన్నెత్తుకో," అంటున్నారు అందరూ.

బుట్ట లేదు. తూకం ఎక్కి చేతులు చాస్తాను. ఒక్కొక్కతే ఎక్కుతోంది. పురోహితుడు మళ్లీ పిలుస్తున్నాడు.

ఇరవై ఒకటోది మాత్రం లైనులో లేదు. ఆగిపోయిన బెల్టు మీద పడుకుని, రబ్బరు తెరకి చెవి ఆనించి, అవతల అక్క ఒళ్లో తను పాలు తాగుతున్న చప్పుడు వింటోంది.