ఇసుక దిగకముందే

వర్జీనియా నుంచి పొగాకు నింపుకొని ప్లిమత్‌కు తిరిగి వస్తున్న ఓడలో నేనూ ఉన్నాను. మా ఆయన జోనస్ పెంగెల్లీ దానికి కెప్టెన్. తొమ్మిది వారాలుగా ఉప్పుచేపా, పురుగుల బిస్కెట్లే తిండి. సగం మంది జ్వరాలతో పడ్డారు. మిగిలినవాళ్లు, వంటవాడితో సహా, రెండేసి వంతుల కాపలా కాశారు. మా ఆయనైతే నిలబడే కునికేవారు.

ఆఖరి నాలుగు రోజులూ పొగమంచు, సూర్యుడి జాడే లేదు. ఇక లెక్కంతా ఇసుక గడియారానిదే. అరగంటకు ఇసుక దిగుతుంది, కాపలావాడు తిరగేసి గంట కొడతాడు. ఎన్ని తిరగేతలైతే అంత దూరం వచ్చినట్టు. ఆ లెక్కన ఓడలను బద్దలుకొట్టే సిల్లీ దీవుల రాళ్లు దాటేశామన్నాడు మా ఆయన కింది అధికారి, మేటు హంఫ్రీ టక్.

"ఎడమకు తిప్పమంటారా, కెప్టెన్ గారూ? ఇంటి దగ్గర మా ఆవిడ కాచిన బీరు పులిసిపోతోంది."

మా ఆయన చుక్కాని మీద చెయ్యి వేసి ఆపారు.

"వద్దు. ఆ లెక్క తప్పు. నిన్న పొద్దున నా వంతులో ఇసుక దిగకముందే మూడుసార్లు తిరగేశాను. నిద్ర ఆగక, వంతు తొందరగా ముగియాలని."

జూన్‌లో అదే తప్పుకు నావికుడు విల్ కోడ్‌ను స్తంభానికి కట్టించి కొరడాతో కొట్టించింది ఈయనే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"మీరూ చెప్పండి. ఎవరినీ కొట్టను. ఓడ రాళ్లకు తగిలితే అందరం పోతాం."

టక్ తల వంచుకున్నాడు. "నేను ఆరుసార్లండీ."

"నేను లెక్కపెట్టలేదు దొరా," అన్నాడు వంటవాడు. "లెక్కలొస్తే ఈ గరిటె ఎందుకు పట్టుకుంటాను? పదికి తక్కువుండదు."

ఒకరి తరవాత ఒకరు ఒప్పుకున్నారు.

"నువ్వో, కోడ్?"

"ఒక్కసారీ లేదండీ. నా వీపింకా మానలేదు."

"అయితే నీ వంతు ఒక్కటే నిజం," అన్నారు మా ఆయన, నెమ్మదిగా.

అన్నీ కూడితే సగం పూట ప్రయాణం వెనకే ఉన్నామని తేలింది. ఓడను తిన్నగానే పోనిచ్చారు. మధ్యాహ్నం దాటాక మంచు పలచబడింది. ఎడమ పక్కన నల్లటి రాళ్ల మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. టక్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

మా ఆయన అటు చూడనైనా లేదు. "కోడ్, చుక్కాని నువ్వు పట్టుకో నాయనా," అని తాళ్ల చుట్ట మీద ఒరిగిపోయారు. నేను దుప్పటి తెచ్చేసరికి నిద్రలో ఉన్నారు.

ప్లిమత్‌లో దిగాక ఇంకో ఓడ ఇస్తామని ఓడల యజమానులు ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగారు. "కోడ్‌ను కొట్టించినవాడికి ఇంకో ఓడ ఎందుకు," అని ఆయనే వెళ్లలేదు.