తమ్ముడి చేతివాసి

తెల్లవారకముందే తమ్ముడి ఇంటి అరుగు మీద కూర్చుని, గూటిలో కాకిపిల్లలా నోరు తెరిచాడు హనుమంతప్ప. తిప్పయ్య ఒక చేత్తో అన్న గడ్డం పట్టుకుని, ఇంకో చేత్తో ఆయాసానికి పీల్చే నీలం రంగు దమ్ము పంపును ఊపి నోట్లో నొక్కాడు.

"పీల్చన్నా! బీడీ అయితే బాగా లాగుతాంటివి గదా!"

హనుమంతప్ప పీల్చాడు. బిగబట్టాడు. వదిలాక చూస్తే రొమ్ములో పిల్లికూతలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఒకే తల్లి బిడ్డలు, ఒకే రోగం, ఒకే మందు. తిప్పయ్యకు ఒక్క నొక్కుతో ఎద తెరుచుకుంటుంది, గొర్రెల కన్నా ముందు గుట్టెక్కుతాడు. హనుమంతప్పకు మాత్రం పంపులో ఉన్నది మందో, మఠం విభూతో తెలియదు. నాటువైద్యుడి వేరుకైనా చేతివాసి కావాలి కదా, లోపం తన చేతిలో ఉందనుకున్నాడు. అందుకే ఏండ్ల తరబడి ఊరి ఆ కొస నుంచి నడిచొచ్చి తమ్ముడి చేత నొక్కించుకుంటున్నాడు. పెళ్లాం పోయాక అతని ఒంటి మీద చెయ్యి వేసే మనిషి కూడా పొద్దుటి పూట తిప్పయ్య ఒక్కడే.

"నీకు నమ్మకం ల్యా. అందుకే పట్టల్యా," అన్నాడు తిప్పయ్య, రోజూ అనే మాటే. ఆయాసం కన్నా ఆ మాటే హనుమంతప్పకు ఎక్కువ బరువు.

కంబదూరు శనక్కాయల మిల్లులో అతని పని జల్లెడ దగ్గర. ఆ దుమ్ములో ఒకసారి మేస్త్రీ తప్పిపోయి బళ్లారి రోడ్డులో తేలాడని చెప్పుకుంటారు. అది అబద్ధమంటే ఆ మేస్త్రీ కూడా ఒప్పుకోడు. మధ్యాహ్నానికి హనుమంతప్ప జల్లెడ పట్టుకుని వంగిపోయాడు. పప్పు ఏరే అక్కమ్మ తిట్టి ఆటో ఎక్కించింది.

"పో హనుమన్నా, కళ్యాణదుర్గం డాక్టరమ్మకాడికి! సచ్చేదుంటే ఆడ సావుపో, ఈడ పప్పు పాడు చేయాకు!"

డాక్టర్ పద్మప్రియ అతని జేబులోని పంపును తన ఎదుటే పీల్చమంది. కాసేపాగి ఎద విని, ఆవిరి మందు పట్టించి, మళ్లీ విన్నది.

"పీల్చేది బాగానే పీల్చినావు పెద్దాయనా. తప్పు నీది కాదు."

"నమ్మకం చాలకనేమో తల్లీ."

"నమ్మకంతో పనేముంది? అమ్మానాయనల నుంచి జన్యువులని వస్తాయి. ఒకే కడుపున పుట్టినా ఒకరికి ఒత్తుజుట్టు, ఒకరికి బట్టతల. మందు పట్టే తీరూ అంతే. నీ తమ్ముని ఒళ్లు దీన్ని అందుకుంటే, నీ ఒళ్లు అంతగా అందుకోకపోవచ్చు. వేరే మందు రాస్తా, పనిచేసేకి కొన్నాళ్లు పడుతుంది. ఈ పొద్దు ఈడే పడుకో, నీ ఊపిరి నాకు నచ్చలేదు."

"రేప్పొద్దున వస్తా తల్లీ. తమ్మునికి ఒక మాట చెప్పల్ల."

ఎంత చెప్పినా వినలేదు. ఊపిరి బలం కొలుచుకొమ్మని ఆమె ఇచ్చిన ఊదుడు గొట్టాన్ని తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కాడు.

గొట్టంలో ఊదితే ఎర్రముల్లు పైకి పోయి, ఊపిరి ఎంతదాకా తోసిందో అక్కడ నిలుస్తుంది. పొద్దుగుంకే వేళకు అరుగు మీద అన్నదమ్ములిద్దరూ ఊదారు. పంపు పీల్చాక మళ్లీ ఊదితే తిప్పయ్య ముల్లు ఎగిరింది. హనుమంతప్పది మాత్రం మునుపటి చోటు దాటలేదు. తిప్పయ్య గొట్టాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"అయితే ఇన్నేండ్లూ నిన్ను ఉత్తపుణ్యానికి తిడితినా అన్నా?"

"తిడితే ఏమిలేరా. పొద్దున్నే తిట్టేకి నాకు ఇంకెవరుండారు?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ముందుగా దగ్గయింది హనుమంతప్పకే.

"కొత్త మందు నేనే ఏసుకోవచ్చంట," అన్నాడు లేస్తూ.

తిప్పయ్య తలొంచుకున్నాడు. "అయినా రా. చాయ్ తాగి పోదువు."

మర్నాడు ఎండ అరుగెక్కినా హనుమంతప్ప రాలేదు. తిప్పయ్యే ఆ కొసకు నడిచాడు. చాప మీద గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు అన్న. రొమ్ములో ఏ కూతా లేదు. తిప్పయ్య చెయ్యి వేసి గడ్డం పైకెత్తాడు, చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.

పక్కన ఊదుడు గొట్టం ఉంది. ఎర్రముల్లు కిందికి రాలేదు, ఆఖరున తోసిన ఊపిరి దగ్గరే నిలబడి ఉంది.