వంకర మణికట్టు

పెద్ద సర్జన్ తన దగ్గర చేరిన ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు. "చూడు, చెయ్యి" అనేవాడు, అంతే. ఆయన కింద పనిచేసే జూనియర్ డాక్టరమ్మ కూడా ఏళ్ల తరబడి కళ్లప్పగించి చూసింది. పేగు ఎక్కడ పలచబడిందో వేలికొసతో పసిగట్టడం అలాగే అబ్బింది. ఏ పుస్తకం చదివినా వచ్చే విద్య కాదది.

కుట్లు వేసే దగ్గరే ఆమెకు కుదురు ఉండేది కాదు. ఆయనలాగే మణికట్టు లోపలికి వంచి సూది తిప్పేది. నొప్పి మోచేయి దాకా లాగేసేది. లోపం తనదేననుకుని ఇంట్లో దిండు గలీబుల మీద కుట్టి కుట్టి మరీ సాధన చేసింది. నొప్పి పెరిగిందే తప్ప చెయ్యి తిరగలేదు.

ఆ రోజు ఆపరేషన్ మధ్యలో సూది జారింది.

"ఆ మెలికలేంటమ్మా?" అని ఆయన కసిరాడు.

"మీరూ అలాగే తిప్పుతారు కద సార్!"

"నాది స్కూటర్ మీంచి పడి విరిగిన చెయ్యి. వంకరగా అతుక్కుంది. నీకేం రోగం?"

ఆమె మణికట్టు సాపు చేసింది. సూది తేలిగ్గా దిగింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఇన్నేళ్లూ నోరు తెరిచి అడగొచ్చుగా?" అన్నాడాయన.

"అడిగితే తిడతారు కద సార్."

"నేనెప్పుడు తిట్టాను?" అని గది దద్దరిల్లేలా అరిచాడు.

ఎవరూ తలెత్తలేదు. ఆయన గొంతు తగ్గింది.

"నీకంటే ముందు నా దగ్గర నేర్చుకెళ్లినవాళ్లు... ఇప్పుడెలా కుడుతున్నారంటావ్?"